మేడ మీద వల

తెనాలిలో ముత్యాలరావు మేడ మీద కాసిన సొరకాయ సంగతి తెలియనివాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లు ఆ ఏడాది ఊళ్లో లేరన్నమాట. ఆ కాయ ఎంతటిదంటే, దాన్ని దించడానికి నిజాంపట్నం నుంచి పడవ తాళ్లు తెప్పించాల్సి వచ్చింది. మెట్ల మీదుగా తెద్దామంటే మలుపు దగ్గర ఇరుక్కుంది. సరే, మేడ మీద నుంచి తాళ్లు కట్టి వీధిలోకి జారవిడుస్తుంటే, రేపల్లె బండి డ్రైవరు అల్లంత దూరం నుంచి చూసి, రైల్వేవాళ్లు కొత్త సిగ్నల్ స్తంభం ఎత్తుతున్నారేమోనని బండి ఆపేశాడు. అందులో సగం కాయ అపార్టుమెంటు అంతటికీ పులుసైంది. మిగతా సగం డొప్పలో పిల్లలు కూర్చుని తెడ్లేసుకున్నారు. నమ్మకపోతే మీ ఇష్టం. కాయ సంగతి మళ్లీ వస్తుంది. ముందు దాన్ని కాయించినవాడి సంగతి వినండి.

ముత్యాలరావు పుట్టింది నిజాంపట్నం రేవు పక్కన. బతికింది సముద్రం మీద. మోకాళ్లు మొరాయించాక పడవను తమ్ముడి కొడుక్కి అప్పగించి, భార్య వెంకటసుబ్బులుతో సహా తెనాలిలో కొడుకు శివకృష్ణ కొనుక్కున్న ఫ్లాటుకు చేరాడు. శివకృష్ణది చేపల వ్యాపారం. రేవు నుంచి ఐసులో వచ్చిన చేపలు బజారుకు పోతే, ఖాళీ థర్మోకోల్ పెట్టెలు ఇంటికి వచ్చేవి. ఇంట్లో కూర్చుంటే గోడలు మీదికొస్తున్నట్టుండి ముత్యాలరావు రోజూ మేడ ఎక్కేవాడు. అక్కడ మాత్రం ఏముంది, రెండు నీళ్ల ట్యాంకులూ, ఎవరో ఆరేసి మరిచిపోయిన దుప్పటీ తప్ప!

"ఇంత చోటు ఊరికే ఎండలో పడి ఉందేమే సుబ్బులూ," అన్నాడొకరోజు. "రేవులో ఇంత జాగా దొరికితే కొట్టుకు చచ్చేవాళ్లం."

మర్నాటికి రెండు పెట్టెలకు అడుగున బెజ్జాలు పడ్డాయి. వాటిలో మట్టి పడింది. మట్టిలో గోంగూర పడింది. ఆ తర్వాత వంకాయ, బెండకాయ, తోటకూర, ఒకదాని వెనక ఒకటి మేడెక్కాయి. పాదులు పెట్టాక పందిరి కావలసి వచ్చింది. తెనాలి నడిబొడ్డున వెదురు కోసం ఎక్కడ తిరుగుతాడు? రైలెక్కి రేపల్లె, అక్కణ్ణుంచి బస్సులో నిజాంపట్నం వెళ్లి, ఇంటి వెనక మూలపడి ఉన్న తన పాత వలను మూట కట్టుకుని తిరుగు రైలెక్కాడు. కాలు పెట్టడానికి సందులేని పెట్టెలో ఆ మూట దించాడో లేదో, రెండు బెంచీలవాళ్లు లేచి వెళ్లిపోయారు. రేపల్లె రైల్లో కాళ్లు చాపుకుని తెనాలి దాకా నిద్రపోయిన మొదటి మనిషి ముత్యాలరావే.

చిరుగులు అల్లి, ట్యాంకుల దిమ్మెల నుంచి పిట్టగోడ దాకా ఆ వలను లాగి కట్టాడు. వేసంగికల్లా సొర, బీర, దొండ పాదులు దాని మీదికి పాకాయి. ఒకప్పుడు చేపలు చిక్కుకున్న వల కన్నుల్లోంచి బీరకాయలు కిందికి వేలాడుతుంటే, ముత్యాలరావు కింద మడతమంచం మీద వెల్లకిలా పడుకుని వాటిని చూస్తూ ఉండేవాడు. పడవలో పడుకున్నట్టే ఉందనేవాడు. మోకాళ్ల సంగతి ఎవరైనా అడిగితేనే గుర్తొచ్చేది.

వెంకటసుబ్బులు కూరగాయల బండిని పిలవడం మానేసింది. పొయ్యి మీద మూకుడు పెట్టి, నూనె కాగేలోపు మేడెక్కి వంకాయలు కోసుకొచ్చేది. మందు వాసన లేని వంకాయ, నీళ్లు తగిలీ తగలకముందే మగ్గే వంకాయ. చేప ముక్క లేనిదే కంచం ముందు కూర్చోని శివకృష్ణ, "అమ్మా, ఇవాళ ఆ వంకాయ లేదా?" అని అడగడం మొదలుపెట్టాడు. సాయంత్రమైతే మిగతా ఫ్లాట్ల ఆడవాళ్లు కరివేపాకు రెబ్బ కోసం మేడెక్కి, దీపాలు పెట్టే వేళ దాకా అక్కడే కబుర్లలో పడేవారు. ఏళ్లుగా లిఫ్టులో తలలు వంచుకుని నిలబడ్డవాళ్లకు ఒకరి పేర్లు ఒకరికి తెలిశాయి.

ఇవన్నీ చూసి కడుపు మండింది ఒక్కడికే. ఆయన పూర్ణచంద్రరావు. ఫ్లాట్ల అసోసియేషన్‌కు ప్రెసిడెంటు. కాపురం సరిగ్గా మేడ కిందే, చివరి అంతస్తులో. కొల్లిపర దగ్గర తాతలనాటి పొలం ఉంది. దాన్ని కౌలుకిచ్చి తెనాలి వచ్చేశాడు. ఒక ఆదివారం సాయంత్రం అందర్నీ మేడ మీద సమావేశపరిచి, వల కింద నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ముత్యాలరావ్, ఇది అపార్టుమెంటయ్యా, నిజాంపట్నం రేవు కాదు. ఆ వల చుట్టేయ్, పెట్టెలు దించేయ్. మా హాల్లో కప్పు చెమ్మగిల్లుతోంది."

"వాన పడితే ఎవరి కప్పయినా చెమ్మగిల్లుద్దండి. నేను రాకముందు మీ కప్పు ఎండిపోయి ఉండేదా?"

"అప్పటి సంగతి నీకెందుకు? అసలు సముద్రం మీద బతికినవాడివి, నీకు సేద్యమేంటయ్యా? మట్టి గురించి నీకేం తెలుసు? తరతరాలుగా దుక్కి దున్నిన ఇంట్లోంచి వచ్చినవాణ్ణి, చెబుతున్నా విను. పెట్టెల్లో కాసేవి కాయలు కావు, నీ సరదాలు."

"దున్నింది మీ తాతగారండి. ఆ తర్వాత మీ నాన్నగారండి. మీకు తెలిసింది కౌలండి."

మేడంతా ఘొల్లుమంది. పూర్ణచంద్రరావు భార్య రంగమ్మ మూతికి కొంగు అడ్డం పెట్టుకుని దగ్గింది. ఆ దగ్గు ఎంతకీ తగ్గలేదు.

పూర్ణచంద్రరావు ముఖం కందగడ్డయింది. "అంత మొనగాడివైతే నలుగురికీ పెట్టి చూపించు. మీ ఆవిడ కూరకి నాలుగు కాయలు కాయగానే రైతువైపోవు!"

ముత్యాలరావు మడతమంచం మీద నుంచి లేచాడు. మోకాళ్లు కటకటమన్నా లేచాడు.

"అలాగేనండి. ఏటా కార్తీక వనభోజనాలకి బస్సు మాట్లాడుకుని బాపట్ల సముద్రం ఒడ్డుకు పోతారు కదా? ఈసారి ఎక్కడికీ పోవద్దు. ఈ వల కిందే భోజనాలు. కూరలన్నీ ఈ పెట్టెల్లోవే. బయటి నుంచి ఒక్క కాయ కొన్నా, వాన లేని రోజున మీ కప్పులోంచి ఒక్క చుక్క రాలినా, నా వల నేనే చుట్టి మీ గుమ్మంలో పెడతా. మళ్లీ ఈ మేడెక్కను."

"అందరూ విన్నారుగా?" అన్నాడు పూర్ణచంద్రరావు సంతోషంగా.

"వినకపోతే ఇంకోసారి చెబుతా," అన్నాడు ముత్యాలరావు.

కిందికి దిగాక వెంకటసుబ్బులు గుమ్మంలోనే అందుకుంది. "ఏవయ్యా, అపార్టుమెంటంతటికీ భోజనాలా? నోరు జారేముందు నన్నొక మాట అడగాలనిపించలేదా?"

"సముద్రంలోకి పోయేప్పుడు ఎప్పుడన్నా అడిగానా?"

"అడగలేదు. అందుకే ఎన్నిసార్లు ఒట్టి వలతో తిరిగొచ్చావో నాకు తెలుసు."

అలా అందేగానీ, ఆ మర్నాటి నుంచి ఆవిడే అతనికంటే ముందు మేడెక్కేది. మనవరాలు వెన్నెల బాపట్లలో వ్యవసాయ కాలేజీలో చదువుతోంది. ముత్యాలరావు రైలెక్కి వెళ్లి ఆ పిల్లచేత మంచి విత్తనాలు చూపించుకున్నాడు. వస్తూ వస్తూ ఒక ఉసిరి మొక్క కూడా తెచ్చుకున్నాడు. వనభోజనమంటే ఉసిరిచెట్టు కింద తినాలి కదా! ఆ చెట్టు అతని మోకాలికి కూడా అందలేదు. "కార్తీకానికి ఇంకా టైముంది, ఎదుగుద్ది," అన్నాడు.

భాద్రపదం దాటింది, దసరా దాటింది. పాదులు వలను కప్పేశాయి. సొరపాదుకు పిందెలు పడ్డాయి. వంగచెట్లు పూతమీదున్నాయి. పూర్ణచంద్రరావు రోజూ పొద్దున్నే వాహ్యాళి వంకతో మేడెక్కి, పిందెల వంక చూసీ చూడనట్టు చూసి దిగిపోయేవాడు. ముత్యాలరావుకు గర్వం నెత్తికెక్కింది. నెత్తికెక్కిన గర్వం ఊరికే ఉంటుందా? ఏదో ఒకటి చేయిస్తుంది.

దీపావళి ముందు రోజు. కార్తీకం వస్తే నెల్లాళ్లు ఆ ఇంట్లో నీసు ముట్టరు. అందుకని వెంకటసుబ్బులు ఇంట్లో మిగిలిన ఎండుచేపలన్నీ ఒక్కసారే బకెట్లో నానేసి కడిగింది. ఆ నీళ్లు పారబోయబోతుంటే ముత్యాలరావు బకెట్ లాక్కున్నాడు. అతని చిన్నతనంలో వాళ్లమ్మ పచ్చిచేపలు కడిగిన నీళ్లు తెచ్చి గుడిసె మీది సొరపాదుకు పోసేది. రేవులో ఏ ఇంట్లోనైనా అంతే, చేప నీళ్లు పాదుకే. ఆ నీళ్ల బలంతో పాదు గుడిసె దాటి పక్కవాళ్ల చూరెక్కేది. ముత్యాలరావుకు చేప గుర్తొచ్చిందిగానీ, అది పచ్చిదో ఎండుదో గుర్తుకు రాలేదు. మేడెక్కి, తనకు అన్నిటికంటే ముద్దైన సొరపాదుకూ బీరపాదులకూ ఆ బకెట్ ప్రేమగా పంచాడు.

దీపావళి వెళ్లిన రెండోనాటికి బీరాకుల అంచులు మాడాయి. మూడోనాటికి సొరపాదు తల వాల్చింది. బీరపిందెలు మసిబట్టి రాలిపోతున్నాయి. ముత్యాలరావు పెట్టెల ముందు గొంతుక్కూర్చుని, దిష్టి తగిలిందన్నాడు. టపాకాయల పొగన్నాడు. పొద్దున్నే వచ్చి చూసిపోయేవాడి కళ్లన్నాడు. వెంకటసుబ్బులు పెట్టెలో మట్టి మీద పేరుకున్న తెల్లటి పొరను వేలికి అద్దుకుని నాలిక మీద పెట్టుకుంది.

"ఇది మన ఊరి ఉప్పేనయ్యా," అంది.

బతుకంతా ఉప్పునీళ్ల మీద బతికినవాడు, ఉప్పునీళ్లు తాగి ఏ మొక్కా బతకదని తెలిసినవాడు, తన చేత్తో తనే పోశాడు. ఇది రైతు చేసే తప్పు కాదు. రైతింట్లో అన్ని ఎండుచేపలు ఉండవు.

వెన్నెలకు ఫోన్ చేశారు. వీడియోలో ఆకులు చూపించారు. ఆ పిల్ల కాసేపు నవ్వాపుకోలేకపోయింది.

"తాతయ్యా, ఎండుచేపలు కడిగిన నీళ్లా? సముద్రం నీళ్లు పోయలేదు నయం!"

"నవ్వింది చాల్లేగానీ, ఏం చెయ్యాలో చెప్పవే."

"మంచినీళ్లు పోయాలి. కొంచెం కాదు. పెట్టె అడుగు బెజ్జాల్లోంచి ధారగా కారిపోయేలా, మళ్లీ మళ్లీ పోయాలి. ఉప్పు కరిగి కిందికి కొట్టుకుపోవాలి. బోరు నీళ్లు వద్దు, అవి అసలే ఉప్పన. ఇవాళే పొయ్యాలి తాతయ్యా, ఆగితే వేళ్లు కూడా పోతాయి."

ఫోన్ పెట్టేశాక భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆకాశం వంక చూశారు. వినాయకచవితి నుంచి దసరా దాకా వద్దన్నా కురిసిన వాన, ఆ రోజు మబ్బు తునక కూడా పంపలేదు. అన్ని నీళ్లు పోస్తే పెట్టెల కింద నుంచి మేడంతా పారుతుంది. ఆ మేడకు వాలు సరిగ్గా లేదు. నీళ్లు మూలనున్న గొట్టం దాకా పోకుండా సరిగ్గా పూర్ణచంద్రరావు హాలు మీదే మడుగు కడతాయి. పోస్తే చుక్క రాలుతుంది, పందెం పోతుంది. పోయకపోతే పాదులు పోతాయి, అప్పుడూ పందెం పోతుంది.

"వల చుట్టేద్దామా?" అంది వెంకటసుబ్బులు మెల్లగా.

"చుట్టడానికా రైల్లో మోసుకొచ్చింది? నీళ్లలో పడవ మునక్కుండా చూసినవాణ్ణి, మేడలోకి నీళ్లు దిగకుండా చూడలేనా?"

కింద చేపల పెట్టెల మీద కప్పే పెద్ద టార్పాలిన్ పట్టా తెచ్చాడు. ఒక్కొక్క పెట్టెనూ ఒకవైపు ఎత్తి, భార్య చేత పట్టాను కిందికి తోయించి, ఇంకోవైపు ఎత్తి లాగాడు. పాదులున్న పెట్టెలన్నీ పట్టా మీదికి వచ్చాయి. చుట్టూ ఇటుకలు పేర్చి, పట్టా అంచుల్ని వాటిమీదికి ఎత్తి కట్టేసరికి మేడ మీద పడవలాంటిది తయారైంది. ఆ పడవలోకి దిగి, నీళ్లు తోడే డబ్బా పట్టుకుని, "ఇక నీళ్లు తే," అన్నాడు.

మంచినీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? అపార్టుమెంటు ట్యాంకుల్లో ఉన్నవి బోరు నీళ్లే. మున్సిపాలిటీ నీళ్లు పై అంతస్తు దాకా మోటారు పెట్టి లాక్కున్న ఇల్లు ఒక్కటే. అది ప్రెసిడెంటుగారి ఇల్లు. ప్రెసిడెంటన్నాక ఆ మాత్రం ఉండొద్దూ!

బిందె పట్టుకుని వీధి పంపుకు బయల్దేరిన వెంకటసుబ్బులుకు మెట్ల మీద రంగమ్మ ఎదురైంది. "ఏంటి వదినా, కళ్లు ఎర్రబడ్డాయి?" అని అడిగి, సంగతంతా విని, బిందె చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టింది.

"ఆయన పేపరు చదువుకోడానికి చౌరస్తాలో కూర్చున్నారు. ఇప్పట్లో రారు. ఆ కిటికీలోంచి పైపు పైకి లాక్కో."

"అయ్యో, అన్నయ్యగారికి తెలిస్తే?"

"తెలిస్తే తెలియనీ. పందెం ఆయన కప్పు తడవకూడదని కదా, ఆయన నీళ్లు వాడకూడదని కాదుగా! అయినా వదినా, మొన్న వేసంగిలో మా హాల్లో కూర్చుంటే చల్లగా ఉంది. పడగ్గది మాత్రం పెనంలా కాలిపోయింది. ఎందుకా అని చూస్తే, హాలు మీద మీ వల ఉంది, పడగ్గది మీద లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఒప్పుకోరంతే."

పైపు మేడెక్కింది. వెంకటసుబ్బులు పాదు పాదుకూ నీళ్లు వదులుతుంటే, అడుగు బెజ్జాల్లోంచి ఉప్పునీళ్లు పట్టాలోకి కారుతుంటే, ముత్యాలరావు ఆ నీళ్లు తోడి మూలనున్న గొట్టంలో పోస్తూ, మళ్లీ తోడుతూ, ఒంగిన నడుం ఎత్తలేదు. తుఫాను గాలిలో పడవలో నీళ్లు తోడినప్పుడు కూడా అంత పట్టుదలగా తోడలేదు. అప్పుడు పోయేది ప్రాణమే. ఇప్పుడు పోయేది మాట.

పూర్ణచంద్రరావు ఆ రోజు పేపరు త్వరగా చదివేశాడు. ఇంటికొచ్చి, మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లి, కొళాయికి తగిలించి ఉన్న పచ్చ పైపును చూశాడు. అది కిటికీలోంచి బయటికి పోయి, గోడ పట్టుకుని పైకి పాకింది.

"రంగా! ఈ పైపు ఎక్కడికి పోతోంది?"

"పైపు ఎక్కడికి పోతుందండీ, మొక్కల దగ్గరికే."

పూర్ణచంద్రరావు పంచె ఎగ్గట్టుకుని మెట్లెక్కాడు. పందెం తన గుప్పిట్లోకి వచ్చేసినట్టే అనిపించింది. మేడ మీదికి అడుగుపెట్టి, "దొరికావయ్యా ముత్యాలరావ్!" అని గట్టిగా అన్నాడు.

ముత్యాలరావు ఉలిక్కిపడి తలెత్తాడు. అతని మోకాలు ఇటుకకు తగిలింది. ఇటుక పడింది. దాని మీదున్న పట్టా అంచు జారింది. పడవలోని నీళ్లన్నీ ఒక్కసారిగా ఆ మూలకు పరుగు తీశాయి. అక్కణ్ణుంచి అడుగు దూరంలో పూర్ణచంద్రరావు హాలు మీది పల్లం.

ముత్యాలరావు అటువైపు అందుకోలేడు. మధ్యలో పెట్టెలు అడ్డం. "సుబ్బులూ!" అన్నాడు. వెంకటసుబ్బులు చేతిలో పైపు ఉంది, ఆవిడ అవతలి కొసన ఉంది. అయిపోయిందనుకుని ముత్యాలరావు కళ్లు మూసుకున్నాడు.

కళ్లు తెరిచేసరికి పూర్ణచంద్రరావు రెండు మోకాళ్ల మీద కూలబడి, పట్టా అంచును రెండు చేతులా పైకెత్తి పట్టుకుని, పొట్ట అడ్డం పెట్టి నీళ్లు ఆపుతున్నాడు. డెల్టాలో పుట్టినవాడికి గట్టు తెగడం కళ్లబడితే, అది ఎవరి గట్టు అని అడిగేంత తీరిక ఉండదు. పగవాడి చేనుకైనా ముందు చెయ్యి అడ్డం పెట్టి, తర్వాత పోట్లాడుకుంటారు. చిన్నప్పుడు కాలవకు గండిపడ్డ రోజున వాళ్ల నాన్న పక్కన మట్టిలో బోర్లా పడుకున్న పిల్లవాడు, ఇన్నేళ్ల కౌలు కింద నుంచి లేచొచ్చాడు.

"ఏం చూస్తున్నావయ్యా మొద్దులా! తోడు! అమ్మా, నువ్వా పైపు కట్టు! ఇటుక తెచ్చి ఇక్కడ పెట్టు, ఇక్కడ! నీళ్ల పక్కనుంచి కాదు, వెనకనుంచి! అసలు గట్టు వేయడం వచ్చా నీకు?"

"వల వేయడం వచ్చండి," అన్నాడు ముత్యాలరావు తోడుతూ.

"తెలుస్తూనే ఉంది!"

నీళ్లు తగ్గి, ఇటుక సర్దుకునేసరికి పూర్ణచంద్రరావు పంచె నుంచి ఎండుచేపల కంపు గుప్పుమంటోంది. ముగ్గురూ కిందికి పరుగెత్తి హాలు కప్పు వంక తలలెత్తి చూశారు. అప్పటికే రంగమ్మ కుర్చీ వేసుకుని చూస్తోంది. కప్పు పొడిగా ఉంది.

"నీళ్లు ఆపానని లొంగిపోయాననుకోకు," అన్నాడు పూర్ణచంద్రరావు. "అది నా కప్పు, ఆపుకున్నాను. పందెం పందెమే. ఒక్క కాయ బయటి నుంచి వచ్చినా వల చుట్టాల్సిందే."

"మీరు గట్టు పట్టినందుకు దణ్ణమండి. పందెం వదలమని నేనూ అడగలేదండి."

కార్తీకం చివరి ఆదివారం వచ్చింది. బీరపాదులు బతకలేదు. ముత్యాలరావు వాటిని పీకేసి, ఆ పెట్టెల్లో మట్టి మార్చి తోటకూర చల్లాడు. అది పండుగ వేళకి చిగురాకు దశలో అందివచ్చింది. ఉప్పునీళ్లు తగలని గోంగూర, వంకాయ, దొండకాయ విరగబడ్డాయి. సొరపాదు పైనున్న ఆకులన్నీ రాల్చేసి, మొదలు దగ్గర కొత్త చిగురు తొడిగి, ఉన్న పిందెల్లో ఒక్కదాన్ని మాత్రం నిలబెట్టుకుంది.

ఆ ఒక్క సొరకాయే నేను మొదట్లో చెప్పింది. పడవ తాళ్లూ లేవు, రైలూ ఆగలేదు. వెంకటసుబ్బులు దాన్ని తుంచి, చంకలో పెట్టుకుని, రెండో చేత్తో గోంగూర కట్ట పట్టుకుని మెట్లు దిగిపోయింది. ఆ డొప్పలో తెడ్లేసుకోవాలంటే పిల్లలు పట్టరు, చీమలైతే పట్టొచ్చు. అంతకంటే పెద్ద కాయలు మీ పెరట్లోనే ఉంటాయి. ఉంటే ఉండనివ్వండి. ఉప్పునీళ్లు తాగి కాసిన కాయ మీ దగ్గర ఉందా?

మోకాలెత్తు ఉసిరిచెట్టుకు పసుపూ కుంకుమా పెట్టి, దాని చుట్టూ అందరూ విస్తళ్లు పరుచుకున్నారు. ఆ చెట్టు నీడ కింద ఒక్క అరటిపండు పట్టింది. మిగతావాళ్లందరికీ వల నీడ సరిపోయింది. వెన్నెల బాపట్ల నుంచి వచ్చి వడ్డనలో నిలబడింది. తోటకూర పప్పు, దొండకాయ వేపుడు, కొత్తిమీర కారం పెట్టిన వంకాయ, గోంగూర పచ్చడి. ఏ ఇల్లాలూ బజారుకు వెళ్లలేదు. అందరూ పొద్దుటే మేడెక్కి, ఎవరి వంటకు కావలసింది వాళ్లే కోసుకున్నారు. చిన్న పిల్లలు దొండకాయ ఎక్కణ్ణుంచి వస్తుందో చూసి, తాము తెంపిన కాయ తమ విస్తట్లోనే పడాలని గొడవపెట్టారు.

చివర్లో పులుసు వచ్చింది. పూర్ణచంద్రరావు గరిటెతో అటు కలిపాడు, ఇటు కలిపాడు.

"సొరకాయ పులుసన్నావు, ముక్కేదయ్యా?"

"పైన వల ఉంది కదండీ. వేసి పట్టుకోండి."

రంగమ్మకు మళ్లీ దగ్గొచ్చింది. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు.

పూర్ణచంద్రరావు తలొంచుకుని గోంగూర కలుపుకున్నాడు. ఇంకోసారి వేయించుకున్నాడు. మూడోసారీ వేయించుకున్నాడు. కాయలన్నీ మేడ మీదివే, కప్పులోంచి చుక్క రాలలేదు. అనడానికి ఇంకేమీ మిగల్లేదు. అయినా ఆయన ఊరుకునే రకమా? చెయ్యి కడుక్కుని వల చుట్టూ ఒకసారి తిరిగి, తన పడగ్గది ఎక్కడుంటుందో కాళ్లతో కొలుచుకుని అక్కడ ఆగాడు.

"ముత్యాలరావ్, నీ వల సగంలో ఆపేశావేం? పని అరకొరగా చేయడం నాకు నచ్చదు. ఇక్కడి దాకా లాగు."

"అది మీ పడగ్గది కదండీ?"

"ఎవరి గదైతే నీకేం? ప్రెసిడెంటుగా చెబుతున్నా."

ముత్యాలరావు మోకాళ్లు నిమురుకుంటూ లేచి వచ్చి ఆయన ఎదురుగా నిలబడ్డాడు. "లాగుతానండి. వల చాలకపోతే నిజాంపట్నం పోయి ఇంకోటి తెస్తానండి. కానీ దాని కింద పెట్టెలకి మట్టి మీరు తేవాలి. కొల్లిపర నుంచి, మీ పొలంలోది. మీ చేత్తో తవ్విందైతేనే తీసుకుంటా."

"పొలం కౌలుకిచ్చానయ్యా!"

"పంట కౌలుకిచ్చారండి. రెండు బస్తాల మట్టి మీది కాదంటాడా కౌలుదారు?"

ఆ బుధవారం ఆటోలో రెండు బస్తాలు దిగాయి. పూర్ణచంద్రరావు గోళ్లలో ఇంకా నల్లమట్టి ఉంది. మేడెక్కి బస్తాలు దించి, "ఇందులో నీ ఎండుచేపల నీళ్లు పోశావంటే, అప్పుడు చెబుతా నీ సంగతి," అన్నాడు. "మీరు గట్టు పట్టడానికి వస్తానంటే పోస్తానండి," అన్నాడు ముత్యాలరావు. ఇద్దరూ పోట్లాడుకుంటూనే పెట్టెల్లో మట్టి నింపారు. ఇప్పటికీ పోట్లాడుకుంటూనే ఉన్నారు. పడగ్గది మీద చిక్కుడు పాదు పూతకొచ్చింది.

ఇక ఈ కథలో నేను కల్పించిన ముక్క ఒకటుంది, చెప్పేస్తాను. సొరకాయ సంగతి ముందే ఒప్పుకున్నాను కాబట్టి అది లెక్కలోకి రాదు. ఎండుచేపల నీళ్లూ నిజమే, గట్టుకు పొట్ట అడ్డం పెట్టడమూ నిజమే, మట్టి బస్తాలూ నిజమే. పూర్ణచంద్రరావు గోంగూర మూడోసారి వేయించుకున్నాడని అన్నాను చూశారూ, అది మాత్రం అబద్ధం. రెండుసార్లే. మూడోసారి ఆయన విస్తరి ముందుకు జరిపిన మాట నిజమేగానీ, గిన్నె ముత్యాలరావు చేతిలో ఉంది. అతను ఇవ్వలేదు.